మూతరాయి

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఏరు పెరుగుతోంది.

సఫర్‌మో ఒడ్డున గొంతుక్కూర్చుని సులువుగా వంగే బేదు చెట్టు పచ్చి కొమ్మల్ని తాడుగా పేనుతోంది. ఒక చివర కాలి బొటనవేలి కింద తొక్కిపెట్టి, రెండో చివర అరచేతుల మధ్య పెట్టి మెలితిప్పాలి. బెరడు చిట్లి లోపలి తడి చేతికి తగిలేదాకా తిప్పుతూనే ఉండాలి. తడి రాని తాడు ఎండకి పుటుక్కుమంటుంది. పని చేతులదే, కళ్ళు మాత్రం ఏటి మీద ఉన్నాయి. పొద్దున ఆమె గురుతు పెట్టుకున్న నల్లరాయి నడుం దాకా మునిగి ఉంది. ఇప్పుడు చూస్తే నెత్తి ఒక్కటే కనిపిస్తోంది.

"వదినా, ఆ పేనడం చూస్తే ముక్కాలికి కాదు, నాకే ఉరి వేసేలా ఉన్నావు," అన్నాడు సంగీన్. అతను ఆమె పక్కింటివాడు. భుజం మీద పాప్లర్ దుంగ మోస్తూ కూడా నోరు ఊరుకోదు.

"నీ మెడకి అంత తాడు దండగ. దారం చాలు," అంది అతని భార్య గుల్‌అందామ్, కొమ్మల కట్ట కింద పడేస్తూ.

నవ్వారు. సఫర్‌మో కూడా నవ్వబోయింది గానీ ఆ లోపల ఏటి అడుగున రాళ్ళు దొర్లిన చప్పుడైంది. నిండు బండి చెక్కవంతెన మీద పోతున్నట్టు. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఊరు ఊరంతా ఏటి దగ్గరే ఉంది. ఇంటికొక మనిషి, ఇంటికొక మోపు కొమ్మలు. మూడు పొడుగాటి దుంగల తలలు కలిపి కట్టి, కాళ్ళు ఎడంగా చాపి నీళ్ళలో నిలబెడతారు. కాళ్ళ మధ్య కర్రలతో అటక వేసి, దాని మీద రాళ్ళు పేర్చి, సందుల్లో కొమ్మలు కుక్కుతారు. అదే ముక్కాలి. అలాంటివి వరసగా నిలబెడితే ప్రవాహం పక్కకి తిరుగుతుంది. ఈసారి కడుతున్నది సఫర్‌మో ఇంటి కోసం. ఆమె ఇంటికి కాస్త ఎగువన ఏట్లోంచి ఒక పాత పాయ చీలి, బేదు చెట్లూ ముళ్ళపొదలూ కమ్ముకున్న తోపులోకి పోతుంది. అక్కడే ఎటుపోయిందో తెలియకుండా పోతుంది. పాతవాళ్ళు ఆ తోపుని ఏటి విడిది అనేవారు. రెండు వేసవులుగా ఆ విడిదిలోంచి నీళ్ళు ఆమె గుమ్మం దాకా వచ్చాయి. తందూరు కరిగి బురదైంది. ఆ రాత్రులు ఇంటి కప్పు మీద ఆవు తాడు పట్టుకుని కూర్చుంది. పాయ నోరు మూసేయమని చలికాలమంతా మిరాబు షోదీ చుట్టూ తిరిగింది. ఊళ్ళో నీళ్ళ వంతులు చూసేదీ, ఏటి పనికి మనుషుల్ని పిలిచేదీ ఆయనే. ఆమె భర్తకి అన్న కూడా.

ఆ భర్త కూడా ఒక వేసవిలో ముక్కాలి సరిచేయడానికి ఏట్లోకి దిగాడు. మడతపెట్టిన చొక్కా ఒడ్డునే ఉండిపోయింది.

తోపులోంచి గొడ్డళ్ళ చప్పుడు వినిపిస్తోంది. మోపుకి కావలసిన కొమ్మలు దగ్గర్లో అక్కడే దొరుకుతాయి. నరుక్కోమని పొద్దున ఆమే చెయ్యి ఊపింది.

*

సాయంత్రం వేలాడే వంతెన మీది పలకలు ఊడదీస్తారన్నారు. ఏరు ఈ మట్టానికి వచ్చిందంటే పలకలు తీసి దాచుకోవడం మామూలే. ఏరు తగ్గేదాకా ఈ ఒడ్డు ఈ ఒడ్డే, ఆ ఒడ్డు ఆ ఒడ్డే.

కూతురు మవ్‌లూదా మధ్యాహ్నమే వచ్చింది, చంటిదాన్ని వీపున కట్టుకుని. ఆమె అత్తగారిల్లు అవతలి ఒడ్డున, ఖుబానీ చెట్ల వరస వెనక, పల్లంలో ఉంది. ఇక్కడి నుంచి చూస్తే కప్పు మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. సఫర్‌మో రోజూ పొద్దున్నే లేచి ముందు ఆ బట్టల్ని చూస్తుంది.

"ఉండిపోవే," అంది, కూతురి ముందు రొట్టె విరిచి పెడుతూ. "ఏరు తగ్గాక పోదువుగాని."

"అత్తయ్య తుంటి విరిగి మంచంలో ఉంటే నేనిక్కడ కూర్చుని రొట్టె తింటానా అమ్మా? నీ అల్లుడు దిలోవర్ ఒక్కడూ ఆవిణ్ణి లేపలేడు."

"పిల్లనైనా ఉంచి వెళ్ళు."

"పాలెవరిస్తారు, నువ్వా?" మవ్‌లూదా నవ్వి, తల్లి మొహం చూసి ఆపేసింది. ఉప్పు వేసిన పాల టీలో రొట్టె ముంచి, తినకుండా అలాగే పట్టుకుంది. "అమ్మా, మీ ముక్కాళ్ళు మా ఇంటి వైపే చూస్తున్నాయి."

"చూడ్డానికి వాటికి కాళ్ళే గాని కళ్ళున్నాయా?"

"మా మామగారికీ అలాగే అనిపిస్తోంది. పొద్దుటి నుంచీ గట్టు మీదే నిలబడ్డారు. ఇంట్లోకి రమ్మంటే రారు."

సఫర్‌మో మూటగుడ్డ తీసి పరిచింది. మూటలో ఎండు మల్బరీలు పోసి ముడివేసింది. ముడి సరిగ్గా పడలేదని విప్పి మళ్ళీ వేసింది.

వంతెన దగ్గర సంగీన్ తొందర పెడుతున్నాడు. "కానివ్వమ్మా, మవ్‌లూదా. నిన్ను మీ అమ్మకి వదిలేస్తే తెల్లారేదాకా పోనివ్వదు." కూతురు పలకల మీద వేగంగా నడిచింది. వీపున చంటిదాని టోపీ ఊగుతూ చిన్నదైపోయింది. అవతల కాలు పెట్టి ఒకసారి వెనక్కి తిరిగింది. ఏదో అంది. ఏటి హోరులో నోరు కదలడం తప్ప ఏమీ అందలేదు. కొండ మలుపు దాకా వెళ్తేగాని ఆ ఒడ్డున ఫోను పలకదు.

రెండు వైపుల నుంచీ పలకలు ఊడదీసుకుంటూ వచ్చారు. చివరికి గాలికి ఊగే ఇనప తీగలు మిగిలాయి.

*

మర్నాడు మరో ముక్కాలి నిలబెట్టారు. ఆ వెంటనే ఇంకొకటి. ఎండ నిప్పులు కక్కుతోంది. ఎగువన కొండ మీద ఎప్పుడూ తెల్లగా ఉండే చోటు ఈ ఏడు బూడిద రంగులో, గాయం మీది పక్కులా ఉంది.

సఫర్‌మోకి అప్పుడు కనబడింది. ఏటి నడుమ నురగ తీసుకుంటూ నేరుగా పోయే ధార నేరుగా లేదు. ముక్కాలికొకింత చొప్పున అటు ఒరుగుతూ, అవతలి గట్టుని నాలుకతో తడిమినట్టు తడుముతోంది. ఆ గట్టు వట్టి మన్ను. దాని మీద రాయి లేదు, పొద లేదు. బొగ్గు బండ్లు రాని చలికాలాల్లో ఆ ఊరివాళ్ళు ఒడ్డున ఉన్నదంతా పొయ్యిలో పెట్టుకున్నారు.

ఖుబానీల వరసలో చివరి చెట్టు కదిలింది. పడిపోతుందనుకుంది సఫర్‌మో. పడలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే, వేళ్ళ కింద మన్నుతో సహా, మనిషి దిగినట్టు నీళ్ళలోకి దిగింది. కొంత దూరం నిటారుగానే పోయింది. దాని కొమ్మల నిండా ఇంకా పండని కాయలు. మలుపు దగ్గర మెల్లిగా పక్కకి వాలి మునిగింది.

అవతల మనుషులు వరసగా నిలబడి చూస్తున్నారు. ఎవరూ అరవలేదు, చెయ్యెత్తి తిట్టలేదు.  వాళ్ళు తిట్టి ఉంటే బాగుండేది.

"వాళ్ళూ కట్టుకోవచ్చు కదా," అంది గుల్‌అందామ్ నెమ్మదిగా.

"దేంతో, వాళ్ళ గడ్డాలతోనా?" అన్నాడు సంగీన్. ఈసారి అతనూ నవ్వలేదు. భుజం మీది మోపు వంక చూసుకుని, "మనం కూడా ఉన్నవి నరుక్కుంటున్నాం కదే," అన్నాడు.

మిరాబు షోదీ రాయి మీద కూర్చుని, తలకి చుట్టుకున్న గుడ్డ తడిపి మొహం తుడుచుకుంటున్నాడు. సఫర్‌మో వెళ్ళి ఆయనకి కాస్త ఎడంగా నిలబడింది.

"బావగారూ, నీళ్ళు అటు పోతున్నాయి."

"ఎటో ఒకటి పోవాలి కదమ్మా. మూటగట్టి అటక మీద పెట్టుకుంటామా?"

"అక్కడ మవ్‌లూదా ఉంది."

"నాకు తెలీదా? ఈ భుజం మీద ఎత్తుకు తిరిగిన పిల్ల." ఆయన గుడ్డ పిండాడు. నీళ్ళు కారడం ఆగిపోయినా ఇంకా పిండుతూనే ఉన్నాడు. "నువ్వు మా గుమ్మంలో కూర్చుని ఏడ్చిన రోజున కూడా మవ్‌లూదా అక్కడే ఉందమ్మా."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఇదివరకు ఈ నీళ్ళు ఎటు పోయేవి?"

"విడిదిలోకి. చెట్ల మధ్య తిరిగి తిరిగి అలిసిపోయేవి. ఆకులు రాలే కాలానికి దిగువన ఊటల్లో తేలేవి. మనం తాగేది ఆ నీళ్ళే. కానీ అప్పటి ఏరు వేరు. పైన రెండేళ్ళకి కరగాల్సిన మంచు ఒక్క ఏడాదిలోనే కరిగి మీద పడుతోంది. అంత నీటిని ఆ చెట్లు పట్టలేవేమో."

"పట్టలేవని తెలుసా?"

"తెలీదు. పడతాయనీ తెలీదు." ఆయన ఏటి వైపు చూస్తూనే అన్నాడు, "రాత్రుళ్ళు నాకూ నిద్ర ఉండటం లేదు, సఫర్‌మో. రేపు చివరి ముక్కాలి. మూతరాయి నీ చేత్తో పెట్టాలి. పొద్దున్నే రా."

అది ఊరి కట్టుబాటు. ఎవరి ఇంటి కోసం గట్టు కట్టారో, చివరి సందులో రాయి ఆ ఇంటి మనిషే పెట్టాలి. నీళ్ళు ఎవరి మీదికి మళ్ళినా ఆ జవాబు ఆ ఇల్లే చెప్పుకోవాలని పెద్దలు అలా పెట్టారు. ఇన్నేళ్ళలో సఫర్‌మో ఎందరో రాయి పెట్టడం చూసింది. ఎవరి చెయ్యీ వణకలేదు. అవతలి గట్టున ఎవరున్నారని వాళ్ళకి ఎప్పుడైనా అనిపించిందో లేదో ఆమెకు తెలియదు.

*

పొద్దు వాలుతుండగా ఆమె తోపులోకి వెళ్ళింది. రెండేళ్ళుగా అటు చూడటానికే భయం. ఆవు అటు పోతే రాయి విసిరి వెనక్కి మళ్ళించేది.

ఏటి వైపు అంచున చెట్లు చాలావరకు మొదళ్ళే మిగిలాయి. నరికిన చోట తడి ఇంకా ఆరలేదు. లోపలికి పోతే పొదలు అలాగే ఉన్నాయి. ఒక ముళ్ళపొద దగ్గర ఆగింది. కొమ్మల మధ్య ఎండుగడ్డి, పుల్లలు, ఒక పిల్లాడి రబ్బరు చెప్పు చిక్కుకుని ఉన్నాయి. పోయినేడాది వరద తెచ్చిన చెత్త అది. ఆమె రొమ్ము ఎత్తున ఉంది. ఇంకాస్త లోపలికి నడిచింది. అదే చెత్త మోకాలి ఎత్తున. ఇంటి గోడ దాకా వచ్చి వంగి చూసింది. గోడ మీది మట్టిచార చీలమండ దాటలేదు.

అంతేనా అనుకుంది. తందూరు నేలలో గొయ్యి తీసి కట్టింది. ఆ కాసిన్ని నీళ్ళు అందులో నిండే అది కరిగింది. తన కళ్ళలో మాత్రం గుమ్మంలోని నల్లటి నీళ్ళే మిగిలాయి. ఎంత లోతున్నాయో ఆ రాత్రి దిగి చూసే ధైర్యం ఎవరికుంది?

వంగి మట్టి తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. గోడ పక్క మట్టి రొట్టెల పిండిలా మెత్తగా ఉంది. ఏటి అంచున ఉన్నది గుండ్రాళ్ళూ గరుకు ఇసకా. మోసుకొచ్చిన బరువంతా అక్కడే దించేసి, నీళ్ళు ఒట్టి చేతులతో తన గుమ్మం దాకా వచ్చినట్టున్నాయి.

కానీ ఈ ఏడు నీళ్ళు ఎక్కువ. చెట్లు తక్కువ. నరకమని చెయ్యి ఊపింది తనే. ఇల్లు కూలొచ్చు. కూలితే ఈ వయసులో ఎవరింట్లో ఓ మూల పడుండాలి? గోడకి ఆనుకుంది. గోడ చల్లగా తగిలింది.

*

పొద్దున్నే వెళ్ళేసరికి ఏరు ముదురు ఎరుపు రంగులో ఉంది. వాసన మారింది. తవ్విన గోతి వాసన.

చివరి ముక్కాలికీ ఒడ్డుకీ మధ్య సన్నటి సందు మిగిలింది. అడుగున కొమ్మల చాప పరిచారు. దాని మీదుగా నీళ్ళు పాయలోకి ఎగిరి పడుతున్నాయి. అవతల గట్టు రాత్రికి రాత్రి తరిగిపోయింది. ఖుబానీ వరసలో సగం లేదు. కూతురింటి కప్పు మీద ఈ పొద్దున బట్టలు లేవు.

షోదీ రాయి ఎత్తిచ్చాడు. పిండి కలిపే చెక్కతొట్టంత పొడుగూ, అంత బరువూ. "బిస్మిల్లా అని పెట్టమ్మా."

సఫర్‌మో రాయి పొట్టకి ఆనించుకుని సందులోకి దిగింది. చన్నీళ్ళు పిక్కల్ని కరిచి పట్టుకున్నాయి. కొమ్మల చాప కాళ్ళ కింద ప్రాణం ఉన్నట్టు కదులుతోంది. రాయి దించే చోటు చూసింది. తర్వాత అవతలి ఒడ్డు చూసింది. అక్కడున్న వరసలో ఎవరు ఎవరో తెలియడం లేదు.

ఆమె కూర్చుంది. రాయి ఒళ్ళో పెట్టుకుని, నడుం దాకా నీళ్ళలో.

"వదినా," అన్నాడు సంగీన్, "కూర్చునే చోటా అది?"

"కాళ్ళు నిలబడటం లేదు."

"అయితే రాయి పెట్టి పైకి రా. నేను పట్టుకుంటాను."

"పెట్టను."

ఒడ్డున అందరూ ఒక్కసారి మాట్లాడారు. ఈ రాళ్ళు మోసిన నడుములెవరివని ఒకరు, ముసలిదానికి భయంతో మతి పోయిందని ఒకరు. ఒకతను, "ఇటిస్తే నేను పెడతాను," అంటూ ముందుకొచ్చాడు. షోదీ అతని రొమ్ము మీద చెయ్యి ఆనించి ఆపాడు.

"నువ్వు పెడితే ఆ జవాబు నేను చెప్పుకోవాలి. నేను చెప్పలేను."

ఆయన నీళ్ళ అంచున గొంతుక్కూర్చున్నాడు. మొహం ఆమె మొహానికి సమంగా వచ్చింది. "నీళ్ళు నీ ఇంట్లోకి వస్తాయి," అన్నాడు.

"వస్తాయి."

"పోయినేటికంటే ఎక్కువ."

"ఎక్కువే." ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "నాకు చచ్చేంత భయంగా ఉంది బావగారూ. మీరు పెట్టమంటే పెట్టేస్తానేమో కూడా. పెట్టమనకండి."

షోదీ తల తిప్పి అవతలి ఒడ్డు చూశాడు. తర్వాత, "రేపు మళ్ళీ మా గుమ్మంలో కూర్చుని ఏడవకూడదు," అన్నాడు.

"ఏడుస్తాను. మీరు వినాలి."

 షోదీ లేచి గుంపు వైపు తిరిగాడు. "చాప ఊడదీయండి. ఈ చివరి ముక్కాలి తాడు కోసేయండి. మిగిలిన మోపులు తీసుకెళ్ళి తోపులో, నరికిన చోటల్లా అడ్డంగా పడేయండి. మొదళ్ళకి కట్టండి, కొట్టుకుపోకుండా. కొత్తగా ఒక్క కొమ్మ కూడా నరకొద్దు." గొణుక్కుంటూనే కదిలారు. తోపులో కొమ్మలు కట్టి ఏం లాభమో సంగీన్‌కి చివరిదాకా అర్థం కాలేదు. అయినా అందరికంటే ముందు వెళ్ళింది అతనే.

గుల్‌అందామ్ సఫర్‌మో చంకల కింద చేతులు వేసి పైకి లాగింది. రాయి ఒళ్ళోంచి జారి నీళ్ళలో పడింది. ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు.

*

నీళ్ళు సాయంత్రానికి వచ్చాయి.

ఆవుని గుల్‌అందామ్ తోలుకుపోయింది. బొంతలూ పిండిమూటా ఇంటి కప్పు మీదికి చేర్చారు. మా ఇంటికి రమ్మని సంగీన్ బతిమాలాడు, తిట్టాడు. "తర్వాత వస్తాలే," అంది సఫర్‌మో. అవతలి ఒడ్డు కనిపించేది ఈ కప్పు మీద నుంచే.

ముందు తోపులో పిట్టలు లేచాయి. తర్వాత ఎండుటాకులు కదిలాయి. గాలికి కాదు. చెట్ల మధ్య నేల మెరవడం మొదలైంది, ఒకచోట, మరోచోట. ఆ మెరుపులు కలుసుకున్నాయి. ఏట్లో అంత ఉరుకుతున్న నీళ్ళు ఇక్కడ పొదకొకసారి ఆగి, తిరిగి, ఇంకో దారి వెతుక్కుంటూ వస్తున్నాయి. ఆ నెమ్మదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. ఉరికి వచ్చేదానికి ఒక అంతు ఉంటుంది. ఇది ఎప్పుడు ఆగుతుందో ఎలా తెలుస్తుంది?

పెరట్లోకి వచ్చాయి. ఆవులపాక గోడ కాసేపు ఓర్చుకుని, కింద నుంచి నల్లబడి, మెత్తగా కూర్చుండిపోయింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. గుమ్మం దాటాయి. తన కింద, గదిలో, నీళ్ళు మూలమూలలా తడుముకుంటున్నది వినిపించింది. పోయినేటి మట్టిచార ఎప్పుడో మునిగిపోయింది. ఆమె కప్పు మీద అరచెయ్యి ఆనించింది. కదులుతుందేమోనని చూసింది. 

అవతల దిలోవర్ తల్లిని వీపున మోసుకుని కొండ వాలు ఎక్కుతున్నాడు. ఇంత దూరానికి కూడా ఆ వంగిన నడక పోల్చుకుంది. అతని వెనక ఒక ఆడమనిషి, నెత్తిన బొంతల మూట. వీపున ఏమైనా కట్టుకుందో లేదో కనిపించలేదు. ఇల్లు వదిలేశారు. ఆలస్యమైందనుకుంది సఫర్‌మో. తను కూర్చోవడం ఆలస్యమైంది. ఒక్క రోజు ముందు కూర్చుని ఉంటే. లేక కూర్చున్నా లాభం లేదేమో. రెండిళ్ళూ పోతాయేమో.

ఎండ కొండ కొసకి ఎక్కింది. వాలు మీద వాళ్ళు ఆగి, తల్లిని దించి, కూర్చున్నారు. అందరూ ఏటి వైపే చూస్తున్నారు. సఫర్‌మో కూడా చూసింది. నడుమన నురగధార ఇంకా అటే ఒరిగి ఉందా, కాస్త ఇటు తిరిగిందా? చాలాసేపు చూశాక తన కళ్ళని తనే నమ్మలేకపోయింది.

వాలు మీది ఆడమనిషి లేచింది. ఒక్కతే కిందికి దిగి గట్టు అంచు దాకా వెళ్ళింది. నీళ్ళు గట్టుని ఇంకా కోస్తున్నాయేమో చూస్తున్నట్టు అక్కడ వంగి నిలబడింది. అంత దగ్గరికి వెళ్ళకే అని సఫర్‌మో పెదవులు కదిలాయి. ఆమె అలాగే నిలబడి ఉంది. తర్వాత మళ్ళీ వాలు ఎక్కి, దిలోవర్‌తో ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపినట్టుంది. ఆమె ఇంకేదో అంది. వంగి బొంతల మూట నెత్తికెత్తుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఇంటి దారి పట్టింది. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చింది. నెత్తిన మూట లేదు.

కింద గదిలో ఏదో గిన్నె తేలుతూ గోడకి తగిలి మోగింది. సఫర్‌మో కాళ్ళు దగ్గరికి లాక్కుంది.